చెప్పుకున్న పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలి? పిల్లల మానసిక ఆరోగ్యం కోసం చేతులు కలిపిన సంస్థలకు బహిరంగ లేఖ

పిల్లల మానసిక ఆరోగ్యంపై అవగాహన పెంచుతామని ముందుకొచ్చిన సంస్థల పెద్దలందరికీ నమస్కారం.

స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రులు, బడుల యాజమాన్యాలు, సామాజిక బాధ్యత కింద డబ్బిచ్చే కంపెనీలు ఒకచోట చేరి ఒప్పందాలు రాసుకుంటున్నారు. సంతోషం. కొన్నేళ్ల కిందట ఈ విషయం ఎత్తితే "చిన్నపిల్లలకేం బాధలుంటాయండీ" అని నవ్వేసేవాళ్లు. ఇప్పుడు దీనికోసం రోజులు కేటాయిస్తున్నారు, పిల్లలచేత పోస్టర్లు గీయిస్తున్నారు. నేను హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ని. మీ కార్యక్రమం జరుగుతున్నంతసేపూ హాల్లో వెనక నిలబడి పిల్లల్ని నిశ్శబ్దంగా ఉంచేది మేమే. మీ కారు గేటు దాటాక ఆ పిల్లలతో మిగిలేదీ మేమే. అందుకే ఈ ఉత్తరం రాసే చనువు తీసుకుంటున్నాను.

నేను అడిగేది ఒక్కటే. "మనసులో మాట చెప్పుకోండి" అని పిల్లలకు చెప్పే ముందు, అలా చెప్పుకున్న పిల్ల ఆ తర్వాతి గంటలో ఎవరి దగ్గర కూర్చుంటుందో, మరుసటి వారం ఎవరిని కలుస్తుందో మీ ఒప్పందంలో రాయండి. అది రాయలేని పరిస్థితి ఉంటే బ్యానర్లు కొన్నాళ్లు ఆపండి.

ప్రచారం దండగ అనడం నా ఉద్దేశం కాదు. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలభై మంది ఉన్న తరగతిలో ఐదారుగురన్నమాట. అయితే "సగం మానసిక సమస్యలు 14 ఏళ్లలోపే మొదలవుతాయి" అని తరచూ పోస్టర్ల మీద కనిపించే వాక్యం గురించి ఒక మాట. 2005లో అచ్చయిన అమెరికా సర్వే ఒకటి ఆ మాట చెప్పింది. పెద్దవాళ్లను కలిసి, మీకిది ఏ వయసులో మొదలైందో గుర్తుచేసుకోండని అడిగి వేసిన లెక్క అది. ఆ తర్వాత 192 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లకు 14 ఏళ్లలోపు మొదలయ్యేవి మూడో వంతు, 18 ఏళ్లలోపు మొదలయ్యేవి దాదాపు సగం అని తేలింది. అంకె కాస్త తగ్గినంత మాత్రాన విషయం చిన్నదైపోదు. బడి వయసులోనే మొదలవుతున్నాయన్నది ఎటూ నిజమే. కాబట్టి సరైన అంకే వేయండి. పదో తరగతి పిల్లలు మనం చెప్పిందల్లా ఫోన్లో వెతికి మరీ సరిచూస్తున్నారు, ఒకటి తప్పని తేలితే మిగతా తొమ్మిదీ వినరు.

అసలు ఏం చెప్పాలన్న దగ్గరే మీకూ మాకూ పొత్తు కుదరడం లేదు. మీ బొమ్మల్లో బాధపడే పిల్ల ఎప్పుడూ మోకాళ్లలో తల పెట్టుకుని ఓ మూల కూర్చుని ఉంటుంది. తరగతిలో అలా కూర్చునేవాళ్లు దాదాపు ఉండరు. పాఠం వరసగా చదివించే పీరియడ్ ఒకటి తీసుకోండి. ముందు బెంచీ నుంచి ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. నాలుగో బెంచీలో ఒక అమ్మాయి చూపుడువేలితో లెక్కపెడుతూ ఉంటుంది, తన ముందు ఎంతమంది ఉన్నారో, తన వంతుకి ఏ పేరా వస్తుందో. ఆ పేరాని పెదాలు కదుపుతూ లోలోపలే చదువుకుంటుంది. ఇంకా ఇద్దరున్నారనగా లేచి "టీచర్, బాత్రూమ్" అంటుంది. వరస దాటిపోయాక ముఖం కడుక్కుని వస్తుంది, ముంగురులు తడిసి ఉంటాయి. రాతపరీక్షల్లో మంచి మార్కులే. అల్లరి లేదు, గొడవ లేదు. ప్రోగ్రెస్ రిపోర్టులో "నెమ్మదైన పిల్ల" అని రాస్తారు. ఏడో తరగతిలోనూ అదే రాస్తారు, పదో తరగతిలోనూ అదే.

ఇంకొకడికి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. శనివారం ఆ ఊసే ఉండదు. స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదంటారు. ఏమీ లేదంటే వేషాలు వేస్తున్నాడని ఇంట్లో వాళ్లు తేల్చేస్తారు. వాడికి మాత్రం నిజంగానే నొప్పి. ఆందోళన పిల్లల్లో కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటపడటం పిల్లల డాక్టర్లకు కొత్త విషయం కాదు, ఇంట్లో వాళ్లకే కొత్త. మరొకడు చిన్న మాటకే విసురుగా లేస్తాడు, పుస్తకం గిరాటేస్తాడు. పిల్లల్లో డిప్రెషన్ ఉన్నప్పుడు దిగులుకు బదులు చిరాకు కనిపించవచ్చని వైద్యులు వాడే నిర్ధారణ గ్రంథంలోనే ఉంది. మా స్టాఫ్‌రూమ్‌లో వాడికి పడే పేరు "పొగరుబోతు". మీరు అవగాహన కల్పించాల్సింది ఇక్కడ. మూలన కూర్చుని ఏడ్చే పిల్లను ఎవరైనా గుర్తుపడతారు, దానికి సదస్సు అక్కర్లేదు.

ఇక ఆ సదస్సుల సంగతి. నాలుగైదు వందల మంది పిల్లలు, ఒక మైకు, గంటన్నర సమయం. "మీలో ఎంతమందికి స్ట్రెస్ ఉంది? చేతులెత్తండి!" అంటారు వక్త. హాలంతా నవ్వులు, అన్ని చేతులూ లేస్తాయి, ఎవరో ఫోటో తీస్తారు. నివేదిక అట్ట మీదకు అదే ఎక్కుతుంది. ఒకసారి ఇలాంటి సభ అయిపోయి బ్యానర్ తాళ్లు విప్పుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి స్టేజీ మెట్ల దగ్గర ఆగింది. వక్త సంచీ సర్దుకుంటూ "చెప్పమ్మా" అన్నారు. పిల్ల మావైపు ఒకసారి చూసి, మళ్లీ ఆవిడ వైపు తిరిగి, "మీరు మళ్లీ ఎప్పుడొస్తారు మేడమ్?" అని అడిగింది. "మీ టీచర్లున్నారుగా తల్లీ, వాళ్లతో చెప్పుకో" అన్నారావిడ, ప్రేమగానే. ఇంకో బడిలో ప్రోగ్రాం ఉంది, టైమైపోతోంది. పిల్ల సరేనని తలూపి లైన్లో కలిసిపోయింది. ఆవిడని తప్పుపట్టను. మళ్లీ ఎప్పుడు రావాలో, వచ్చేలోగా ఆ పిల్లను ఎవరు చూసుకోవాలో ఆవిడకి ఎవరూ చెప్పి పంపలేదు.

మేలు జరగకపోయినా కీడైతే లేదు కదా అంటారేమో. దానికీ హామీ లేదు. బ్రిటన్‌లో మిరియడ్ అనే పెద్ద పరిశోధనలో 85 బడులకు చెందిన 8 వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే మనసు నిలిపే సాధన) పాఠాల ప్రభావాన్ని పరీక్షించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. బడుల్లో మామూలుగా చెప్పే పాఠాలకంటే అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. మరుసటి ఏడాది లూసీ ఫోక్స్, జాక్ ఆండ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో ప్రశ్న వేశారు. ప్రచారం పెరిగేకొద్దీ కొంతమంది మామూలు దిగులునీ, పరీక్షల బెంగనీ జబ్బుగా చూసుకోవడం మొదలుపెడుతున్నారా, ఆ చూపే వాళ్లను ఇంకాస్త కుంగదీస్తోందా అని. ఇది ప్రతిపాదన మాత్రమే, రుజువైన సత్యం కాదు. కానీ స్నేహితురాలు రెండ్రోజులు మాట్లాడకపోతే "నాకు డిప్రెషన్ టీచర్" అని, పెన్నులు వరసగా పేర్చుకునేవాడిని "వీడికి ఓసీడీ" (చేసిన పనే పదేపదే చేయించే మానసిక సమస్య) అని అనడం నేను తరగతిలో వింటూనే ఉన్నాను కాబట్టి, ఆ ప్రశ్నను తీసి పక్కన పెట్టలేను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చావాలనిపిస్తోందా అని పిల్లల్ని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని టీచర్లకు గట్టి భయం. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2 వేల మందికి పైగా విద్యార్థులను పరిశీలించారు. ఆ ప్రశ్న అడిగినవాళ్లలో, అడగనివాళ్లకంటే బాధ గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. ఈ ఒక్క సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని పావుగంట చెప్పండి చాలు. ఏం అడగాలో, ఏ మాటల్లో అడగాలో, విన్నాక ముఖం ఎలా పెట్టాలో కూడా చెప్పండి. భయంతో నోరు మూసుకునే టీచరుకంటే అడగడం తెలిసిన టీచరు నయం.

ఏది పనిచేస్తుందో తెలియని చీకటేమీ లేదు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సెయిల్ పరిశోధన మీ సమావేశాల్లో చర్చకు పెట్టదగ్గది. యూరప్‌లో పది దేశాలు, 168 బడులు, 11 వేల మందికి పైగా పిల్లలు. మూడు పద్ధతులు ప్రయత్నించారు. ఒకదాంట్లో ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తించడానికి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండోదాంట్లో ప్రశ్నావళి నింపించి, వచ్చిన జవాబులను బట్టి పిల్లల్ని నిపుణుల దగ్గరికి పంపారు. మూడోదాంట్లో పిల్లలే చిన్న చిన్న సన్నివేశాలు నటిస్తూ, తమ కష్టాలకు తామే దారులు వెతుక్కుంటూ మాట్లాడుకున్నారు. నాలుగు వారాల్లో అంతా కలిపి ఐదు గంటలు. ఏడాది తర్వాత చూస్తే, ఈ మూడింటిలో ఏదీ అమలు చేయని బృందంతో పోలిస్తే మూడో పద్ధతి పిల్లల్లో కొత్తగా జరిగిన ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. మిగతా రెంటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో వివరం. మూడు నెలల దగ్గర చూసినప్పుడు మూడు పద్ధతుల్లో దేనిలోనూ తేడా లేదు. మీ ఒప్పందాల్లో నివేదిక గడువు ఎంతో ఒకసారి చూసుకోండి. మూడు నెలలకే "ఫలితం" చూపించమని డబ్బిచ్చే సంస్థ అడిగితే, పనిచేసిన పద్ధతి కూడా పనికిరానిదిగానే కనిపించేది. అప్పుడేం చేస్తాం? ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని కరపత్రాలు పంచాం అని రాసుకుంటాం. లెక్కపెట్టడానికి అవే సులువు మరి.

టీచర్లకు ఒక పూట శిక్షణ ఇచ్చి "ఇక మీరే చూసుకోండి" అనే ఏర్పాటు మీద నాకున్న అనుమానం బద్ధకం నుంచి పుట్టింది కాదు. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహెర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు, ఫలితాలు 2018లో లాన్సెట్‌లోనే వచ్చాయి. అదే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్ల చేత, కొన్నింటిలో శిక్షణ ఇచ్చి నియమించిన కౌన్సెలర్ల చేత నడిపించారు. ఈ కౌన్సెలర్లు మానసిక వైద్యులేమీ కాదు. వాళ్లున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, డిప్రెషన్ లక్షణాలు, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. దీనికి కారణం నేను వేరే వెతకక్కర్లేదు. సిలబస్, దిద్దాల్సిన పేపర్లు, రాకపోయిన టీచర్ల పీరియడ్లు నెత్తిన ఉన్న మనిషికి, ఏడుస్తున్న పిల్ల పక్కన నలభై నిమిషాలు కూర్చునే వీలు ఉండదు. పైగా మార్కులు వేసేదీ, ఇంటికి ఫోన్ చేసేదీ మేమే అయినప్పుడు, ఇంట్లో తనకేం జరుగుతోందో ఆ పిల్ల మాకెందుకు చెబుతుంది? స్టేజీ మెట్ల దగ్గర ఆగిన పిల్ల ముందు మావైపు చూసింది అందుకే. మేం చేయగలిగింది గమనించడం, నమ్మకంగా ఓ మాట కలపడం, కౌన్సెలర్ గదిదాకా తోడు వెళ్లడం. ఆ గది, అందులో మనిషి ఉంటేనే మా పని పని అవుతుంది.

అందుకే ఒప్పందం కాగితం దగ్గరికి వస్తున్నాను. వారంలో ఏయే రోజుల్లో ఎవరు బడికి వస్తారో మనిషి పేరుతో సహా అందులో ఉండాలి. ఆ మనిషి సెలవు పెడితే ఎవరొస్తారో ఉండాలి. కూర్చునే గది తలుపు స్టాఫ్‌రూమ్‌లోకి తెరుచుకోకూడదు, దాని ముందు నుంచి తరగతి మొత్తం నడిచే వరండా ఉండకూడదు. చిన్న సంగతే కదా అనిపిస్తుంది, కానీ అక్కడికి వెళ్లేది నలుగురూ చూస్తారంటే ఒక్కరూ వెళ్లరు. కౌన్సెలర్ చేతిలో లేని కేసైతే ఏ ఆసుపత్రికి, ఎన్నిరోజుల్లో అపాయింట్‌మెంట్ దొరుకుతుందో రాయాలి. ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి అయితే అదే రోజు ఎవరు వెంట వెళ్తారో రాయాలి. పిల్ల చెప్పినదాంట్లో ఇంట్లోవాళ్లకు ఏది తప్పనిసరిగా చెప్తారో, ఏది చెప్పరో ముందే తేల్చుకుని ఆ పిల్లకు మొదటి రోజే చెప్పాలి. నోరు విప్పాక చెప్తే మోసంగా అనిపిస్తుంది.

నాలుగు సంస్థలు కలిసినప్పుడు బలం పెరుగుతుందని మీరంటారు. పదిమందిలో పాము చావదని మనకో సామెత కూడా ఉంది. బడివాళ్లు తల్లిదండ్రుల సంతకం కావాలంటారు. ఆసుపత్రివాళ్లు బడి నుంచి ఉత్తరం తెమ్మంటారు. స్వచ్ఛంద సంస్థకి ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్టు గడువు అయిపోయిందని చెప్తారు. డబ్బిచ్చిన కంపెనీకి ఇదంతా తెలియను కూడా తెలియదు. తల్లి ఆ కాగితాలన్నీ పట్టుకుని రెండోసారి తిరిగేసరికి, పిల్ల "నాకు బాగానే ఉందమ్మా, వద్దులే" అంటుంది. ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ లేవదు. మీలో ఒక్క సంస్థ, ఒక్క మనిషి, ఒక్కో పిల్ల సంగతి చివరిదాకా చూసే బాధ్యత తీసుకోవాలి. మిగతావాళ్లు ఆ మనిషికి జవాబుదారీగా ఉండాలి.

నిపుణులు లేరు కదా అంటారు. నిజమే. ప్రపంచవ్యాప్తంగా లక్ష మంది జనాభాకు మానసిక ఆరోగ్య సిబ్బంది పదమూడు మందే ఉన్నారనీ, ప్రభుత్వాలు ఆరోగ్య బడ్జెట్లలో దీనికిస్తున్నది సగటున 2 శాతం దగ్గరే ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి. పిల్లల మానసిక వైద్యులు ఇంకా అరుదు. అందుకే మీ చేతిలో ఉన్న డబ్బు ఎటు వెళ్తోందన్నది ముఖ్యం. ప్రారంభోత్సవానికీ, టీషర్టులకీ, వీడియోలకీ పెట్టే ఖర్చుతో కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి జీతం ఇవ్వొచ్చు. నలందాలో పనిచేసింది అలాంటివాళ్లే.

వీడియోలన్నాను కాబట్టి, కోలుకున్న పిల్లల్ని స్టేజీ ఎక్కించి అనుభవం చెప్పించే పద్ధతి దయచేసి మానండి. పన్నెండేళ్ల పిల్లకు ఆ క్షణంలో చప్పట్లు బాగుంటాయి. ఆ వీడియో ఇంటర్వ్యూకి వెళ్లే వయసుదాకా వెంటపడుతుందని తెలియదు. తల్లిదండ్రులు సంతకం పెట్టారనేది సమాధానం కాదు.

ప్రశ్నావళుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పిల్లల భావోద్వేగాలు, ప్రవర్తన గురించి అడిగే ఎస్‌డీక్యూ (1997లో రాబర్ట్ గుడ్‌మన్ రూపొందించిన పాతిక ప్రశ్నల పట్టిక) లాంటివి మంచి సాధనాలే. కానీ అవి జబ్బును నిర్ధారించవు, ఎవరిని ఇంకాస్త శ్రద్ధగా చూడాలో చెబుతాయి, అంతే. రోల్ నంబరుతో సహా నింపిన కాగితాల కట్ట రోజంతా ఆఫీసు బల్ల మీద పడి ఉండటం చూశాను. వచ్చేపోయేవాళ్లు తిరగేస్తున్నారు. ఆ కాగితాలు ఎవరి ఆధీనంలో ఉంటాయి, ఎన్నాళ్లకు చింపేస్తారు, పరిశోధనకు వాడతారా? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యత గురించే. ఇంకో మాట, ప్రమాదాన్ని సూచించే ప్రశ్న అడిగితే జవాబులు ఆ రోజే చదవాలి. నెల తర్వాత డేటా ఎంట్రీలో బయటపడే "అవును" ఎవరికి పనికొస్తుంది?

అదే ఒడంబడికలో 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలంటుంది. మీ కమిటీల్లో పిల్లలు ఉన్నారా? ఉంటే మొదట వాళ్లు చెప్పేది బహుశా శ్వాస వ్యాయామాల గురించి ఉండదు. మార్కులు అందరి ముందూ చదవొద్దంటారు. బస్సులో వెనక సీటువాళ్లు చేసేది ఎవరూ పట్టించుకోవడం లేదంటారు. కొట్టొద్దంటారు. తగ్గిన మార్కులు పేరుపేరునా చదివే హాల్లోనే "ఆనందంగా ఉండండి" అని పోస్టర్ అంటిస్తే పిల్లలు దాన్ని చూసి నవ్వుకుంటారు, ఆ నవ్వు నేను చూశాను. బడి యాజమాన్యం మీ భాగస్వామి అయినప్పుడు, అది మానుకోవాల్సిన పనులు కూడా ఒప్పందంలో ఒక పేజీ ఉండాలి. మా యాజమాన్యాలకు ఈ మాట మేం చెప్తే ఒకలా ఉంటుంది, మీరు షరతుగా పెడితే ఇంకోలా ఉంటుంది.

తల్లిదండ్రులతో సమావేశం పెట్టినప్పుడు పెద్ద ఉపన్యాసం వద్దు. వాళ్లు పైకి అడగకపోయినా మనసులో ఉండేవి ఎక్కువగా మూడే. మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా, బడి రికార్డుల్లో ఎక్కుతుందా, మా పెంపకంలో లోపమా. వీటికి సూటిగా జవాబులు చెప్పే డాక్టర్ని పంపండి, చివరి ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమని చెప్పండి.

అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, 1992 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజు మీకు చాలా బడుల నుంచి పిలుపులుంటాయి. మా బడికి మాత్రం ఏ మామూలు మంగళవారమో రండి. పొద్దున మొదటి పీరియడ్ నుంచి మధ్యాహ్నం దాకా తరగతిలో వెనక బెంచీలో కూర్చోండి, తర్వాత స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు ఒప్పందం ముసాయిదా తీసుకురండి. సంతకాలు కాకముందే మేమూ, మా పెద్ద తరగతుల పిల్లలు కొందరూ చదివి, మార్జిన్‌లో మా అభ్యంతరాలు రాసి వారంలోగా తిరిగిస్తాం. ఏ తేదీ వీలవుతుందో ముందుగా ప్రధానోపాధ్యాయులకు తెలియజేస్తే చాలు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక హైస్కూలు ఉపాధ్యాయురాలు